చోడవరములో నాలుగు దినములు

ఊళ్లు చూచుట పురుషుల పనియనియు, చూచివచ్చినవారు చెప్పగా వినుట స్త్రీల పనియనియు మన పెద్దల కాలమున ఒక యేర్పాటుండెను. తీర్థమునకో, పెండ్లికో, పురుటికో తప్ప గడప దాటని గృహిణి లోకమును పుస్తకములలోనే చూచెడిది. అందుచేతనే కాబోలు, మనలో ననేకులకు ఊళ్ల పేరులకంటె కథలలోని స్త్రీల పేరులే దగ్గఱి చుట్టములవలె తోచును. బుచ్చమ్మ గతి యేమగునో యని దిగులుపడినవారము, ప్రక్కవీథిలోని వితంతువు ఎట్లు కాలము గడుపుచున్నదో విచారించియుండము. కథను, ఊరును ఒక్కచోట నుంచి చూచినచో రెండును మఱింత స్పష్టముగా గనబడునని నా నమ్మకము. మొన్నటి మాఘమాసమున చోడవరమునకు బయలుదేరినపుడు చేతిసంచిలో గురజాడ అప్పారావుగారి కన్యాశుల్క నాటకమును పెట్టుకొనుటకు అదియే కారణము.

చోడవరమున నాకు పినతల్లి వరుసయగు నొక పెద్దామె యున్నది. విశాఖపట్టణమునుండి అనకాపల్లి చేరి, అచ్చట బస్సు మారితిని. అనకాపల్లి యనగానే మన వంటయిండ్లకు గుర్తువచ్చునది బెల్లము. ఆ ఊరి బెల్లపు బజారు దేశమందలి పెద్ద బజారులలో నొకటి. ఊరు దాటిన పిమ్మట శారదానది, తుమ్మపాల వచ్చును. మన కథాసాహిత్యమున చిరస్థాయియైన పేరు సంపాదించిన రాచకొండ విశ్వనాథశాస్త్రిగారికి ఈ తుమ్మపాలతో చుట్టఱికమున్నది. వృత్తిచే న్యాయవాదియగు ఆయన వ్రాసిన సారా కథలలో, కచ్చేరి మెట్లెక్కవలసివచ్చిన పేద స్త్రీలు, చదువుకొన్న వకీళ్లు తలవంచుకొనునట్లు మాటలాడుదురు. ఆ మాటలు పుట్టిన నేల ఇదియే గదా యని, కిటికీలోనుండి మఱింత శ్రద్ధగా చూచితిని.

అనకాపల్లినుండి చోడవరము ఇంచుమించు 20 కిలోమీటర్లు. దారి పొడవునను చెఱకుతోటలు. మాఘమాసము చెఱకు నఱకు కాలము. పురుషులు కత్తులతో గడలు కొట్టుచుండ, స్త్రీలు ఆకు ఒలిచి, కట్టలు కట్టి, తలమీద నెత్తుకొని బండ్లకడకు చేర్చుచుండిరి. అక్కడక్కడ గానుగపాకలనుండి పొగయు, కాగుచున్న రసపు వాసనయు వచ్చుచుండెను. ఒక గానుగకడ బస్సు కొంతసేపు ఆగినది. పెనములో పాకము పొంగి, చిక్కబడి, రంగు మారుచుండెను. దింపవలసిన క్షణము తప్పినచో బెల్లము మాడును. ముందుగా దింపినచో గట్టిపడదు. పెనముకడ నిలిచి ఆ క్షణమును నిర్ణయించుచున్నవాడు పురుషుడు. పొయ్యిలోనికి ఎండుపిప్పి త్రోయుచు ఆ మంటను నిలుపుచున్నది స్త్రీ. ఒకరు లేక మఱియొకరి పని సాగదు. కాని బెల్లము అమ్మిన సొమ్ము ఎవరి చేతికి వచ్చుననునది వేఱు ప్రశ్న. ఆ ప్రశ్నయే నాలుగు దినములును నన్ను వెంబడించినది.

చోడవరము మరీ పెద్దదియు గాని, మరీ చిన్నదియు గాని ఊరు. పూర్వము వీరవల్లి తాలూకాకు ముఖ్యస్థానము. చిరకాలము విశాఖపట్టణము జిల్లాలో నుండి, 2022 సంవత్సరము ఏప్రిలు నెలనుండి క్రొత్తగా నేర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరినది. చుట్టుపట్ల పల్లెల రైతులకు బజారు ఇదియే, కచ్చేరియు నిదియే. సమీపమున గోవాడలో నెలకొల్పబడిన సహకార చక్కెర కర్మాగారము పేరు ఈ ప్రాంతమున తెలియనివారు లేరు. ఇంకను ముందునకు బోయిన మాడుగుల వచ్చును. ఆ ఊరి హల్వా సంగతి చదువరులకు నేను చెప్పనక్కఱలేదు.

ఊరిలో ముందుగా చూడవలసినది స్వయంభూ విఘ్నేశ్వరాలయము. స్వామి విగ్రహము భూమిలోనికి దిగియుండును. తొండపు చివర కానరాదు. విగ్రహము చుట్టును నీరూరుచుండునని చెప్పుదురు. నేను పోయిన వేకువజామున ఆలయములో పురుషులకంటె స్త్రీలే యధికముగా నుండిరి. పరీక్షకు పోవు బాలిక పక్కన చీటీ పట్టుకొని కచ్చేరికి పోవు ముసలామె నిలిచియుండెను. విఘ్నములు తొలగింపుమని ప్రార్థించుచున్న ఆ చేతులను చూచుచు, విఘ్నములలో దైవము పంపినవి యెన్నియో, మనుష్యులు కల్పించినవి యెన్నియో యనుకొంటిని.

మధ్యాహ్నము భోజనములైన పిమ్మట పినతల్లి నా సంచిలోని పుస్తకమును తీసి చూచి నవ్వినది.

“అమ్మడూ, గిరీశం పుస్తకమా? మా యింట్లోనూ ఉండేది. మీ బాబాయి పైకి చదివి అందరినీ నవ్వించేవారు. మాకు మాత్రం వెంకమ్మ నూతిలో పడ్డచోట నవ్వు వచ్చేది కాదు” అన్నది.

ఈ యొక్కమాటలో ఆ నాటకమునకు స్త్రీలు చేయదగిన వ్యాఖ్యానమంతయు నున్నది. గురజాడవారు 1862 సెప్టెంబరు 21వ తేదీన జన్మించిన సర్వసిద్ధి రాయవరము నేడు చోడవరమున్న జిల్లాలోనే యున్నది. ఆయన జీవితములో పెక్కుభాగము విజయనగరమున గడచినది. కన్యాశుల్కము 1892లో అచ్చట మొదటిసారి ప్రదర్శింపబడినది, 1897లో అచ్చయినది, పిమ్మట ఆయనయే దానిని పెంచి, మార్చి 1909లో మరల ప్రకటించెను. మొదటి ముద్రణమునకు ఆంగ్లమున వ్రాసిన పీఠికలో ఒక లెక్క నిచ్చియున్నాడు. ఆ కాలమున ఈ జిల్లా బ్రాహ్మణ కుటుంబములలో మూడు సంవత్సరములలో జరిగిన శుల్కవివాహముల పట్టిక తయారు చేయగా 1,034 తేలినవట. అందు అయిదేండ్ల బాలికలు 99 మంది, నాలుగేండ్లవారు 44 మంది, మూడేండ్లవారు 36 మంది, రెండేండ్లవారు ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు. ఆ పసికందుల వెల ఒక్కొక్కరికి 350 మొదలు 400 రూపాయలు. ఈ యంకెలు చదివిన పిమ్మట ఎవరికి నవ్వు వచ్చును?

మేము నలుగురము సావిట్లో కూర్చుంటిమి: పినతల్లి, ఆమె కోడలు, కోడలి కూఁతురు, నేను. నాటకములోని స్త్రీల నొక్కొక్కరినే లెక్కపెట్టితిమి. వెంకమ్మకు భర్త యున్నాడు, ఇల్లున్నది, పేరున్నది. అయినను, కడుపున పుట్టిన సుబ్బిని ముసలివానికి అమ్మవలదని చెప్పుటకు ఆమె కున్న ఆయుధము నుయ్యి యొక్కటే. బుచ్చమ్మకు తండ్రి యున్నాడు, తమ్ముడున్నాడు. ఆమె బ్రతుకును గూర్చి ఆమె నడిగినవాఁడు మాత్రము గిరీశ మొక్కఁడే, వాఁడును తన స్వార్థముకొఱకు. మీనాక్షి తండ్రి యింట నుండియే మోసపోయినది. ఇక విజయనగరములోని పూటకూళ్లమ్మను చూడుఁడు. ఆమె వితంతువు, మగదిక్కు లేనిది. కాని పదిమందికి అన్నము వండి పెట్టి తన బ్రతుకు తాను బ్రతుకుచున్నది. సరుకులు తెచ్చెదనని ఆమె సొమ్ము పట్టుకొనిపోయిన గిరీశమును చీపురుకట్టతో వెదకికొని వచ్చినది ఆమెయే. తనకు జరిగిన అన్యాయమునకు నూతివైపు గాక, అన్యాయము చేసినవానివైపు నడిచిన స్త్రీ ఆ నాటకమున నామె. చేతిలో వృత్తి యున్నవారి కాళ్లకు ఆ బలము కలదు.

మఱియొక చిత్రము. ఇంటిలోని స్త్రీలు పురుషులపై నాధారపడియున్నట్లు పైకి గనబడును గాని, ఆ నాటకమును నడిపించునది పురుషులు స్త్రీలపై నాధారపడుటయే. గిరీశమునకు అన్నము పెట్టినది పూటకూళ్లమ్మ. సుబ్బిని కాపాడదలచిన మేనమామ కరటకశాస్త్రి, శిష్యునికి ఆడువేషము వేయగలిగెనుగాని, మధురవాణి సహాయము లేనిదే ఆ పన్నాగము కొనసాగింపలేకపోయెను. తుదకు హత్యానేరములో చిక్కుకొన్న ముసలి లుబ్ధావధానులు బయటపడుటకు గూడ, ఆమెయే పురుషవేషముతో విశాఖపట్టణమున సౌజన్యారావు పంతులుగారి యింటికి పోయి నిజము చెప్పవలసివచ్చెను. పురుషుని వేషము వేసికొన్న పిమ్మటనే ఆమె మాటకు తలుపు తెరువబడుట గమనింపదగినది.

“అయితే మధురవాణి స్వతంత్రురాలంటారా, పిన్నీ?” అని కోడలి కూఁతురు నన్నడిగినది. “ఆవిడా మగవాళ్ల డబ్బుమీద బతికిందే కదా?”

ప్రశ్న గట్టిది. మధురవాణికి తెలివి యున్నది, చదువున్నది, ఎదుటివానిని తూచగల నేర్పున్నది; కాని ఆమె యున్న యిల్లు రామప్పపంతులుది. ఒక పోషకుని విడిచిన మఱియొక పోషకుడు కావలయును. సౌజన్యారావుగారు ఆమెకు భగవద్గీత నిచ్చి పంపెను. మరునాఁటి భోజన మెట్లో నాటకము చెప్పదు. బుచ్చమ్మను మాత్రము పునహాలోని వితంతు శరణాలయమునకు పంపి చదువు చెప్పింపవలెనని నిర్ణయింపబడినది. గిరీశముతో పెండ్లి చేసి కథ ముగింపక, ముందు ఆమెకు చదువు గావలెనని తలచుటలో గురజాడవారి దూరదృష్టి యున్నది. అప్పటికి వితంతు వివాహము చట్టసమ్మతమై యెన్నో యేండ్లయినది. కాని 1856 నాటి ఆ చట్టమే, మారుమనువాడిన స్త్రీకి మొదటి భర్త ఆస్తిపై హక్కు పోవునని చెప్పినది. ఒక తలుపు తెరచి మఱియొక తలుపునకు గడియ పెట్టినట్లయినది.

మాట ఇతర కథలకు బోయినది. 1910లో గురజాడవారే వ్రాసిన “దిద్దుబాటు” కథలో కమలిని రాత్రులు ఆలస్యముగా వచ్చు భర్తకు బుద్ధి చెప్పుటకు ఒక ఉత్తరము వ్రాసి పెట్టి దాగుకొనును. ఉత్తరము వ్రాయనేర్చినది గనుకనే అది సాధ్యమైనది. భర్త మంచివాఁడు గనుకనే అది ఫలించినది. భర్త మంచివాఁడు కానిచో ఉత్తరము పిమ్మట ఏమి చేయవలెను? దానికి ముందే 1902లో భండారు అచ్చమాంబగారు వ్రాసిన “ధనత్రయోదశి”లో పేద యిల్లాలు తప్పుదారి పట్టిన భర్తను నిలిపి నిజాయితీకి మరలించును. అక్కడ ఆధారపడినవాఁడు భర్త, ఆధారము భార్య. స్త్రీ వ్రాసిన కథలో ఈ మార్పు సహజముగా వచ్చుట చూచి మా కందఱకును సంతోషము కలిగినది.

చలంగారి “మైదానము” మాట వచ్చినపుడు కోడలు కొంచెము సంకోచించినది. 1927 నాటి ఆ నవలను మా తరమువారు కొందఱు దాచి చదివిరి, కొందఱు చదువక నిందించిరి. రాజేశ్వరి భర్త యింటిని విడిచి తాను కోరినవానివెంట పోవును. సాహసమే. కాని ఒక పురుషుని నీడనుండి మఱియొక పురుషుని నీడలోనికి పోవుట ఎంత దూరము పోయినట్లు? ఆమె చేతిలో వృత్తి లేదు, సొమ్ము లేదు. అతఁడు ముఖము త్రిప్పుకొన్ననాఁడు మైదాన మెంత విశాలమైనను నిలుచుటకు చోటు చాలదు. మనస్సునకు స్వేచ్ఛ కలిగినంతమాత్రమున జీవితమునకు స్వాతంత్ర్యము రాదని ఆ కథనుండియు నేర్చుకొనవచ్చును.

ఈ చిక్కు మన దేశమునకే పరిమితము గాదు. 1813లో ఆంగ్లరచయిత్రి జేన్ ఆస్టెన్ ప్రకటించిన “ప్రైడ్ అండ్ ప్రెజుడిస్” నవలలో అయిదుగురు కూఁతులున్న తండ్రి భూమి, కొడుకు లేనందున దూరపు జ్ఞాతికి పోవలసియుండును. వారి స్నేహితురాలు షార్లెట్ ప్రేమకొఱకు గాక తలదాచుకొనుటకొఱకు ఆ జ్ఞాతినే వివాహమాడును. 1847లో షార్లెట్ బ్రాంటీ వ్రాసిన “జేన్ ఐర్” కథ ఇంకను విచిత్రము. దిక్కులేని ఆ పిల్ల పాఠము చెప్పి బ్రతుకును. తాను ప్రేమించినవానికి భార్య యున్నదని తెలిసి, చేతిలో కాసు లేకున్నను వెడలిపోవును. పిమ్మట పినతండ్రి ఆస్తి 20,000 పౌనులు రాగా, దానిని తన బంధువులు మువ్వురతో సమానముగా పంచుకొనును. అటుతరువాతనే ఆమె తిరిగి అతనికడకు పోవును. అప్పటికి అతని భార్య మరణించియుండెను. అతఁడు చూపు గోల్పోయి ఆమె చేతి నూఁతగా గొనవలసిన స్థితిలో నుండెను. ఆధారమక్కఱలేనపుడు కలసిరి గనుక ఆ కలయికకు గౌరవము కలిగినది.

ఇంతవఱకు ఊరకుండిన పినతల్లి, “పుస్తకాలు సరే, నా కథ వినండి” అని తన సంగతి చెప్పినది. భర్త పోయినపుడు ఆమెకు రెండెకరముల చెఱకుభూమి యుండెను. మఱఁది సాగు చేయించి, సంవత్సరమున కింత యని తెచ్చియిచ్చుచుండెను. “మోసం చేసినవాడు కాదమ్మా, పుణ్యాత్ముడు. కాని లెక్క అడగడానికి నాకు నోరు వచ్చేది కాదు. అడిగితే అనుమానించినట్టుంటుందేమో అని భయం. అడక్కపోతే తెలియదు. ఆ మధ్యలో ఎనిమిదేళ్లు గడిచిపోయాయి” అన్నది. పిమ్మట మఱఁదియే, తనకు వయస్సు మీఱినదని, భూమి కాగితములు ఆమె ముందు పెట్టెను. అప్పుడామె సంతకము గట్టిగా నేర్చుకొని, చెఱకు సొమ్ము తన పేరనే బ్యాంకులో జమ యగునట్లు చేసికొన్నది. మొదటిసారి తన పేరు అచ్చుపడిన బ్యాంకు పుస్తకము చూచుకొన్ననాఁడు మఱఁదికి తానే భోజనము పెట్టి, “ఇప్పుడు నీతో మాట్లాడ్డం సుళువుగా ఉందయ్యా” అన్నదట. ఎంత మంచి మాట! సొమ్ము వేఱైనంతనే ప్రేమ తెగిపోవునని మనము భయపడుదుము. ఆమె విషయమున భయము తెగినది, ప్రేమ నిలిచినది.

ఈ మాటలన్నిటికిని ఆ యింట ఒక కారణమున్నదని మూఁడవనాఁడు తెలిసినది. కోడలి కూఁతురు డిగ్రీ తుది సంవత్సరమున నున్నది. మంచి సంబంధము వచ్చినది. వరునివైపువారు ఫాల్గుణములోనే ముహూర్తము పెట్టవలెననియు, పరీక్షలు తరువాత నెపుడైన వ్రాసికొనవచ్చుననియు అనుచున్నారు. తండ్రికి మనస్సు రెండు విధముల లాగుచున్నది. సంబంధము తప్పిపోవునేమో యని యొకవైపు, బిడ్డ కష్టము వ్యర్థమగునేమో యని మఱియొకవైపు.

ఆ సాయంకాలము అతఁడు తల్లి నడిగెను. ఆమె మనుమరాలివైపు తిరిగి, “నువ్వు చెప్పవే” అన్నది.

“నాకు పెళ్లి వద్దని నేననటం లేదు, నాన్నా. పరీక్ష రాసి వెళ్తానంటున్నాను” అని ఆ పిల్ల మెల్లగా, కాని తడబడక చెప్పినది.

కొంతసేపెవ్వరును మాటలాడలేదు. పిమ్మట ఆ తండ్రి లేచి, “సరే, రెండు నెలలు ఆగమని నేనే వెళ్లి చెప్తాను. ఆగితే మనవాళ్లు. ఆగకపోతే వాళ్లిష్టం” అనెను. కోడలు కన్నులు తుడుచుకొని దీపము పెట్టుటకు లోనికి పోయినది. నేను బయలుదేరునాఁటికి వారినుండి ప్రత్యుత్తరము రాలేదు. ఏమి వచ్చునో తెలియదు. కాని వెంకమ్మ కాలమునుండి ఈ సావడి ఎంతదూరము నడచినదో తెలిసినది. ఇక్కడ తల్లి నూతివైపు చూడలేదు. కూఁతురు నోరు విప్పినది. తండ్రి చెవి యొగ్గెను.

ఈ దూరము ఊరక గడవలేదు. 1937లో వితంతువునకు భర్త ఆస్తిలో పరిమితమైన హక్కు వచ్చినది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ఆ హక్కును పూర్ణము గావించినది. కొడుకులతోపాటు కూఁతులకును పిత్రార్జితములో జన్మహక్కునిచ్చు చట్టము మన ఆంధ్రప్రదేశమున, అప్పటికి పెండ్లికాని కుమార్తెలకు వర్తించునట్లు, 1986లో వచ్చినది. దేశమంతటికిని 2005లో వచ్చినది. కాని చట్టము కాగితముపై నుండును. హక్కు అడుగు నోటిలో నుండును. అన్నదమ్ముల మనస్సు నొచ్చునని హక్కు వదలుకొన్న యాడుపడుచు లెందఱో మనకు తెలియును. వారిని నేను నిందింపను. పుట్టింటి గడప విలువ ఆస్తికంటె నెక్కువయని వారు తలచియుందురు. అయితే, ఇచ్చివేయుటకైనను మొదట తనదై యుండవలెను గదా. తనది కాని దానిని వదలుకొనుట త్యాగము గాదు, అలవాటు.

సోదరీమణులారా, పురుషునిపై ఆధారపడుట నీచమని నేననుట లేదు. లోకమున ఒకరిపై నొకరు ఆధారపడనివా రెవ్వరు? పెనముకడ నిలిచినవానికి పొయ్యికడ నున్నామె కావలయును. ఆధారము రెండువైపులను ఉన్నంతకాలము అది బాంధవ్యము. ఒక్కవైపే యున్నపుడు అది బందిఖానా. కావున ఇక ముందు మీరే కథ చదివినను, కథానాయిక అందమును, ఆమె ప్రేమను చూచినపిమ్మట, ఈ యొక్క ప్రశ్న వేసికొనుఁడు: ఈమె చేతిలో నేమున్నది? చదువా, వృత్తియా, తన పేర నొక గదియా, లేక కన్నీరు మాత్రమేనా? ఆ ప్రశ్నకు జవాబు దొరికినచో కథ ముగింపు మీకు ముందుగనే తెలియును.

పిమ్మట పుస్తకము మూసి, అదే ప్రశ్నను మీ యింటిలోని ఆడుబిడ్డను చూచి వేసికొనుఁడు. ఆ కథ ముగింపు ఇంకను వ్రాయబడలేదు.